మంటను ఆర్పింది ఎవరు?

ఇంటిని వెచ్చబెట్టుకోవాల్సినంత చలి కృష్ణా డెల్టాకి రాదు. ధనుర్మాసంలో కాలవగట్ల మీద మంచు దిగుతుంది, ముసలివాళ్ళు మఫ్లర్లు బయటికి తీస్తారు, అంతటితో సరి. అందుకే చల్లపల్లిలో ఎవరింట్లోనూ ఫర్నేస్ ఉండదు. గుడివాడ నుంచో అవనిగడ్డ నుంచో చికాగోకీ టొరంటోకీ వెళ్ళి స్థిరపడ్డ పిల్లల ఇళ్ళల్లో మాత్రం బేస్‌మెంట్లో అది ఉండి తీరాలి. మన వైపు దానికి దగ్గరి చుట్టం బాత్రూమ్ గోడకి తగిలించిన గ్యాస్ గీజరు. రెండింటికీ ఒకే రోగం వస్తుంది. టిక్ టిక్ మంటుంది, భగ్గున అంటుకుంటుంది, నీళ్ళు వెచ్చబడేలోపు ఆరిపోతుంది. అసలు వెలగని గీజరు కథ వేరు. ఈ వాదన వెలిగి కూడా నిలవని గీజరు గురించి. వాదించే ఇద్దరూ నేను కల్పించినవాళ్ళు. అక్క బందరులో ఫిజిక్సు చెబుతుంది. తమ్ముడికి చల్లపల్లి సెంటర్లో స్టవ్వులు, గీజర్లు బాగుచేసే కొట్టుంది. నా మొగ్గు అక్క వైపే, దాచను. కాకపోతే తమ్ముడి మాటలో బలముంది, దాన్ని పలచన చేసి అక్కని గెలిపించడం నాకిష్టం లేదు.

తమ్ముడు: నువ్వు పాఠం దగ్గర మొదలెడతావక్కా, నేను బక్కెట్ దగ్గర మొదలెడతా. తెల్లారి అయిదింటికి కాలేజీ బస్సు పట్టుకోవాల్సిన పిల్ల తలకి షాంపూ పెట్టుకుని నిలబడి ఉంటుంది. గీజరు నాలుగు సెకన్లు మండి ఆరిపోతుంది. మళ్ళీ కుళాయి కట్టి తిప్పుతుంది, మళ్ళీ అంతే. గ్యాసుందా, ఉంది. నీళ్ళున్నాయా, ఉన్నాయి. మంట పుట్టిందా, కళ్ళారా చూసింది. అన్నీ ఉండగా ఆరిపోతోందంటే లోపలున్న సెన్సరేదో అబద్ధం చెబుతోందని నాలాంటివాడికి కొట్టు తెరవకముందే తెలుసు. అబద్ధం చెప్పేవాడి మాట వినడం దేనికి? ఉన్న స్విచ్చుల్లో తీసెయ్యగలిగింది తీసేసి, రెండు వైర్లూ కలిపి డైరెక్ట్ చేస్తే గీజరు కాయితం కాలినట్టు మండుతుంది. ఊళ్ళో ఇలా నడిచేవి ఎన్ని లేవు? ఏమైందని?

అక్క: ఏమీ కానన్నాళ్ళూ ఏమీ కాదు, అది నిజమే. కానీ నువ్వు అబద్ధం అన్నదాన్ని కాస్త విడదీసి చూద్దాం. గ్యాసు వాల్వు తనంతట తాను తెరుచుకుని ఉండేలా ఈ యంత్రాన్ని కట్టలేదు. దాని స్వభావం మూసుకుని ఉండటం. లోపల స్ప్రింగు దాన్ని ఎప్పుడూ మూసే పెడుతుంది. నీళ్ళు పారుతున్నాయి, మంట ఉంది, వేడి హద్దు దాటలేదు, సెల్లుల్లో కరెంటుంది అని అందరూ ఒకేసారి సాక్ష్యం చెబితేనే తెరుచుకుని నిలబడుతుంది. ఒక్కరు నోరు మూసుకున్నా మూతపడుతుంది. వైరు తెగినా, పిన్ను మసిబారినా, సెల్లు చచ్చినా ఫలితం ఒకటే, గ్యాసు ఆగిపోవడం. పొరపాటు జరిగితే మంట ఆరే వైపుకే జరగాలి, గ్యాసు వదిలే వైపుకి జరగకూడదు అని కోరి అలా కట్టారు. అలా కట్టినందుకు మనం చెల్లించే ధర, అప్పుడప్పుడూ ఉత్తపుణ్యానికి ఆరిపోవడం. కాబట్టి గీజరు ఆరిపోతే పాడైందని అనుకోవడం కాదు, ఎవరో ఆర్పారని అనుకోవాలి. ఆర్పింది ఎవరు, దేన్ని చూసి ఆర్పారు, అదే మెకానిక్ పని. నువ్వు డైరెక్ట్ చేసినప్పుడు ఆ ప్రశ్న అడిగే అవకాశాన్నే తీసేస్తున్నావు.

తమ్ముడు: అడగడానికి అదేమైనా నోరున్న వస్తువా? అమెరికా ఫర్నేసుకైతే చిన్న లైటుంటుందట, ఇన్నిసార్లు మిణుకుమంటే ఇది రోగం అని తలుపు లోపలివైపు పట్టిక అంటించి ఉంటుందట. మన గీజరుకి ఆ భాగ్యం లేదు. విప్పి చూస్తే తప్ప తెలియదు.

అక్క: లైటు లేదు గానీ గడియారం ఉంది. ఎంతసేపు మండి ఆరిందో చూడు, సగం జవాబు అందులోనే ఉంది. మూడు నాలుగు సెకన్లలో ఆరితే మంట ఉందో లేదో కనిపెట్టే పిన్ను మీద అనుమానం. కుళాయి సన్నగా చేసినప్పుడో, ఇంట్లో ఇంకెవరో ఇంకో కుళాయి తిప్పినప్పుడో ఆరితే నీటి ఒత్తిడి. ప్రతిసారీ 20 నిమిషాలకి గంట కొట్టినట్టు ఆరితే రోగమే లేదు, చాలా మోడళ్ళలో ఆ టైమరు కావాలనే పెట్టారు. ఇక అయిదారు నిమిషాలు హాయిగా మండి ఆరేది ఒకటుంది, నాకు భయం దాని గురించే. దాని సంగతి చివర చెబుతా. ముందు సెకన్ల సంగతి. మంట మామూలు గాలిలాంటిది కాదు, అందులో విడివడిన విద్యుత్ కణాలుంటాయి కాబట్టి సన్నగా కరెంటు పారుతుంది. బర్నరు మీదికి వంగిన ఆ పిన్నుకి, అదే మీరనే పుల్లకి, అటూ ఇటూ ఊగే కరెంటు ఇస్తారు. పుల్ల చిన్నది, బర్నరు పెద్దది. అందువల్ల మంటలోంచి కరెంటు ఒక వైపుకి ఎక్కువగా, రెండో వైపుకి తక్కువగా పోతుంది. ఆ తేడా కొన్ని మైక్రోఆంపియర్లే ఉంటుంది, అంటే ఆంపియర్‌లో పది లక్షలో వంతు లెక్కన. ఆ పిసరంత కరెంటు కనిపిస్తే మంట ఉన్నట్టు, కనిపించకపోతే లేనట్టు. ఫర్నేసుల్లో ఎక్కువగా జరిగేది ఇదే. గాలిలోని దుమ్ము, ఇసక రేణువుల పొడి మంటలో కాలి పుల్ల మీద గాజులాంటి సన్నటి పొరగా పేరుకుంటుంది. కంటికి పుల్ల శుభ్రంగానే కనిపిస్తుంది, కరెంటుకి మాత్రం గోడ కట్టినట్టే.

తమ్ముడు: ఇది నాకు చేతి మీద తెలుసు, పేరు తెలియదు, అంతే. మూత విప్పితే బర్నరు వరస మీద రెండు పుల్లలుంటాయి. ఒకటి నిప్పురవ్వ కొట్టేది, రెండోది కాస్త దూరంగా, మెడకి తెల్ల పింగాణీ తొడుగుతో. మన వైపు ఆ రెండోదాని మీద తెల్లగా పిండి పట్టినట్టుంటుంది. బందరు సముద్రం దగ్గర గదా, ఉప్పుగాలి. వైరు తగిలే చోట పచ్చగా చిలుము. పింగాణీ సన్నగా చిట్లినా అంతే సంగతులు, తడికి కరెంటు పక్కదారి పడుతుంది. పొడిగుడ్డతో తుడిచి, పొర పోకపోతే జీరో నంబరు ఎమరీ పేపరు మెత్తగా రెండుసార్లు లాగి, వైరు కొన గీకి బిగిస్తే చాలాసార్లు నిలబడుతుంది. ముతక పేపరు వాడకూడదు, గీతలు పడితే ఆ గీతల్లోనే మళ్ళీ తొందరగా పడుతుంది. కానీ పుల్ల దాకా పోకముందే చూసేవి మూడున్నాయక్కా, వాటిని నీ పుస్తకం వదిలేస్తుంది. మొదటిది సెల్లులు. లావు టార్చి సెల్లులు రెండు, కలిపి 3 వోల్టులు. గోడ గడియారం ఇంకా నడిచేపాటి సెల్లు గీజరుకి పనికిరాదు. రవ్వ కొడుతుంది గానీ వాల్వుని పట్టి నిలబెట్టే సత్తా ఉండదు. టిక్ టిక్ వేగం తగ్గిందంటే అదే గుర్తు. సెల్లులు మార్చి చూడకుండా మూత విప్పినవాణ్ణి మెకానిక్ అనను.

అక్క: అది ఒప్పుకుంటున్నా. మిగతా రెండు?

తమ్ముడు: నీళ్ళు. మేడ మీద మేడ వేస్తారు, ట్యాంకు మాత్రం పాత ఎత్తులోనే ఉంటుంది. పై అంతస్తు బాత్రూమ్ సరిగ్గా దాని కిందే. ట్యాంకు పది మీటర్ల ఎత్తుంటే ఒక బార్ ఒత్తిడి, మీటరుకి పదో వంతు. చాలా గీజర్లకి కనీసం పావు బార్ కావాలి, అంటే షవరుకి పైన రెండున్నర మీటర్ల నీళ్ళు. లేకపోతే లోపలి రబ్బరు డయాఫ్రమ్ పైకి లేవదు, లేచినా తడబడుతుంది, మంట పుడుతూ చస్తూ ఉంటుంది. పైగా దివిసీమ వైపు బోరు నీళ్ళు ఉప్పు, సుద్ద. ఏడాదికల్లా గొట్టాల్లో సున్నం గట్టిపడుతుంది, నీళ్ళొచ్చే చోట జల్లెడ మూసుకుపోతుంది. మూడోది గ్యాసు బండ. పొయ్యి బాగానే మండుతోంది, గ్యాసు అయిపోలేదు గదా అంటారు. పొయ్యి వేరు, గీజరు వేరు.

అక్క: ఎంత వేరో లెక్క వేద్దాం, ముందు ముందు పనికొస్తుంది. నిమిషానికి 6 లీటర్ల నీళ్ళని 25 డిగ్రీలు వేడెక్కించాలంటే పది కిలోవాట్ల పైచిలుకు కావాలి. వృథా పోయేది కూడా కలిపితే గంటకి సుమారు కిలో గ్యాసు. పొయ్యి మీది పెద్ద బర్నరు తాగేది దానిలో అయిదారో వంతు. బండలో ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి, ఆ వేడిని తన ఒంట్లోంచే లాక్కుంటుంది. నిండు బండైతే తట్టుకుంటుంది. అడుగంటిన బండ, పుష్యమాసపు తెల్లవారుజాము, పైగా గంటకి కిలో చొప్పున లాగుతుంటే బండ చల్లబడి లోపలి ఒత్తిడి పడిపోతుంది. మంట కుంగి పుల్లకి తగలదు, వాల్వు మూసుకుంటుంది. అదే బండకి పొయ్యి పెడితే నిక్షేపంగా మండుతుంది. కాబట్టి ఇక్కడ సెన్సరు అబద్ధం చెప్పలేదు. మంట నిజంగానే తగినంత లేదు. నువ్వు చెప్పిన మూడింటిలోనూ అదే కథ కదా. సెల్లు నిజంగానే నీరసించింది, ఒత్తిడి నిజంగానే తక్కువ, గ్యాసు నిజంగానే చాలలేదు. ఒక్క పుల్ల మీది పొరే కాస్త అన్యాయం అనుకో. దానికి మందు తుడవడం, తీసెయ్యడం కాదు. ఊరి రోడ్లని 2014 నుంచి రోజూ తెల్లవారకముందే ఊడ్చుకుంటున్న చల్లపల్లికి ఇంత పుల్లని ఏడాదికోసారి తుడవడం భారమా?

తమ్ముడు: ఆ ఊడ్చే స్వచ్ఛ చల్లపల్లి వాళ్ళని మధ్యలోకి తేకు, వాళ్ళు డబ్బు తీసుకోరు. సరే, పుల్ల దగ్గర నీ మాట నెగ్గింది. దాన్ని డైరెక్ట్ చెయ్యడం ఎలాగూ కుదరదు, వైరు కలిపితే రవ్వే రాదు. నేను డైరెక్ట్ చేసేది వేడి స్విచ్చు. రాగి గొట్టాల పక్కన రూపాయి బిళ్ళంత ఉంటుంది. అయిదారు నిమిషాలకి ఆరిపోయేవాటిలో దాన్ని కలిపేస్తే తిరుగుండదు.

అక్క: నేను చివరికి దాచినది అదే. అయిదారు నిమిషాల తర్వాత ఆరడానికి రెండు పెద్ద కారణాలు. ఒకటి వేడి హద్దు దాటడం. నువ్వే చెప్పావు, గొట్టంలో సున్నం పట్టి నీళ్ళు సన్నగా పోతుంటే మంట అదే, నీళ్ళు సగం. స్విచ్చు కలిపేస్తే నీళ్ళు సలసల కాగి షవరులోంచి పడేది తల మీద. ఫర్నేసులోనూ ఇదే స్విచ్చు ఉంటుంది, ఎక్కువగా ఎగిరేది ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయి గాలి ఆడనప్పుడు. బర్నరు ఆరిపోతుంది, ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంటుంది, చల్లబడ్డాక మళ్ళీ అంటుకుంటుంది. ఫిల్టరు మార్చడం తెలియక ఫర్నేసు చెడిందనుకునే ఇళ్ళు అక్కడ చాలా ఉంటాయి. కొన్నిటికి పొగ, గాలి పోయే తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు రెండు గోడలోంచి బయటికి ఉంటాయి. మంచు కురిసి వాటి మూతి మూసుకుపోతే గాలి ఒత్తిడి చూసే స్విచ్చు మంటని అసలు పుట్టనివ్వదు, పుట్టినా బతకనివ్వదు. మనకి మంచు కురవదు గానీ కుమ్మరి పురుగుంది. పొగ గొట్టంలో మట్టిగూడు కట్టడానికి దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇక రెండో కారణం గాలి. అసలు ప్రమాదం అదే.

తమ్ముడు: గాలి లేకపోతే మనిషే ఉండలేడు, గీజరెందుకు?

అక్క: సరిగ్గా తిరగేశావు. మనిషికి తెలియకముందే ఒక్కోసారి గీజరుకి తెలుస్తుంది. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు బాత్రూమ్ తీసుకో. అందులో గాలి దగ్గర దగ్గర 8 ఘనపు మీటర్లు. కిలో గ్యాసు పూర్తిగా మండడానికి 12 ఘనపు మీటర్ల పైన గాలి కావాలి. గంటకి కిలో అన్నాం కాబట్టి 20 నిమిషాల స్నానానికి 4 ఘనపు మీటర్లు. గదిలో ఉన్న గాలిలో సగం ప్రాణవాయువు గీజరే తినేస్తుంది. తలుపు బిగించి, చలేస్తుందని వెంటిలేటరు అద్దాలు మూసేస్తే, బయట 21 శాతం ఉండే ఆక్సిజన్ లోపల 18కి దిగడానికి ఆరు నిమిషాలు చాలు. అయిదారు నిమిషాలకి ఆరిపోతోందని నువ్వు చెప్పే గీజరు బహుశా ఇదే చెబుతోంది. గాలి చాలనప్పుడు నీలంగా ఉండాల్సిన మంట పసుపుకి తిరుగుతుంది, పైకి లేచి పుల్లకి తగలకుండా పోతుంది, మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాసులో కలిపే ఘాటు వాసన లీకుని చెబుతుంది గానీ మండిపోయిన తర్వాత ఈ విషాన్ని చెప్పదు. రక్తంలో ఆక్సిజన్ పట్టుకునే చోటుని అది రెండొందల రెట్లకి పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, కాళ్ళు తేలిపోవడం. వేడినీళ్ళ ఆవిరికి తూలినట్టుందని అనుకుంటారు. గడియ తీసే ఓపిక కూడా ఉండదు. అలాంటి గదిలో గీజరు తనంతట ఆరిపోతే, ఆ ఇంటికి అంతకంటే మేలు చేసినవాడు లేడు.

తమ్ముడు: ఇన్ని లెక్కలు మన నాయనమ్మకి తెలియవు. ఆవిడ కాలంలో రాగి బాయిలరు, దానికి బొగ్గులు, పుల్లలు, వేరుశనగ పొట్టు. గదంతా పొగ. ఎవరూ చావలేదు.

అక్క: బాయిలరు పెరట్లో ఉండేదిరా. లోపల ఉన్నా పొగ కళ్ళు మండించి మనిషిని బయటికి తరిమేది. గ్యాసు శుభ్రంగా మండుతుంది, అందుకే ఏమీ చెప్పకుండా చంపగలదు. ఇంకోటి, ఆ ఇళ్ళకి పెంకుల సందులుండేవి. ఇప్పుడు టైల్సు, అల్యూమినియం తలుపు, చెదపురుగు దూరని బిగింపు. పాత ఇంటి అలవాటు కొత్త ఇంటి గదిలో చెల్లదు.

తమ్ముడు: ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించుకుంటారుగా?

అక్క: లోపలికి వచ్చే దారి లేకుండా బయటికి లాగే ఫ్యాను దేన్ని లాగుతుంది? గీజరు పొగ గొట్టంలోంచి పొగనే వెనక్కి లాగొచ్చు. తలుపు కింద సందో, కింద జాలీయో ఉంటేనే ఫ్యానుకి అర్థం. అసలు గీజరు పెట్టె బాత్రూమ్ బయట, సన్‌షేడ్ కింద, బాల్కనీలో ఉండాలి, వేడినీళ్ళ గొట్టం మాత్రం లోపలికి రావాలి. అలా బిగించమని గీజరుతో వచ్చే పుస్తకాల్లోనే ఉంటుంది. ఆ పుస్తకం అట్టపెట్టెతో పాటే పాత సామాన్లవాడికి పోతుంది, అది వేరే మాట. ఇంకోటి. ఆరిపోయినప్పుడల్లా పదేసిసార్లు కుళాయి తిప్పి పదకొండోసారి పట్టుకుంటుందనే ఆశ మానాలి. ప్రతి ప్రయత్నానికీ మండని గ్యాసు కాస్త పెట్టెలో మిగులుతుంది, గాలికంటే బరువు కాబట్టి కిందికి దిగి ఉంటుంది. ఆలస్యంగా రవ్వ తగిలితే మూత ఎగురుతుంది. ఫర్నేసు ఈ విషయంలో మనకంటే బుద్ధిమంతురాలు. ప్రతి ప్రయత్నానికి ముందు ఫ్యానుతో లోపలి గాలంతా తోసేస్తుంది, కొన్నిసార్లు ప్రయత్నించి కుదరకపోతే తాళం వేసుకుని కూర్చుంటుంది. మనం రెండుసార్లు చూసి, తలుపు తెరిచి, కాసేపు ఆగాలి. గ్యాసు వాసన వస్తుంటే రెగ్యులేటరు కట్టేసి, స్విచ్చులు ముట్టుకోకుండా బయటికొచ్చి గ్యాసు లీకు హెల్ప్‌లైన్ 1906కి ఫోను చెయ్యాలి.

తమ్ముడు: నువ్వు చెప్పిందంతా నిజమే అనుకుందాం. ఇప్పుడు నా కొట్లో కూర్చుని చూడు. పుల్ల తుడిచి, సెల్లులు మార్చి, జల్లెడ కడిగి మూడొందలడిగితే, ఏం సామాను వేశావని అడుగుతారు. ఏమీ వెయ్యలేదంటే వంద చేతిలో పెడతారు. సర్క్యూట్ డబ్బా మార్చానంటే పన్నెండొందలు నోరెత్తకుండా ఇస్తారు. గీజరు బయటికి మార్చాలి, గోడకి కన్నం పెట్టాలి అంటే, పక్క కొట్టువాణ్ణి పిలుస్తారు. వాడు అయిదు నిమిషాల్లో వైర్లు కలిపి రెండొందలు తీసుకుని, వీడికి పని రాదని నా పేరు చెప్పి పోతాడు. నీ మైక్రోఆంపియరు మా వీధిలో చెల్లే నాణెం కాదు.

అక్క: దీనికి నా దగ్గర ఫిజిక్సు జవాబు లేదు. నువ్వు చెప్పింది మెకానిక్ తప్పు కాదు, అడిగేవాడి తప్పు. సామానుకి డబ్బిచ్చి, రోగం కనిపెట్టినందుకు ఇవ్వని వీధిలో రోగం కనిపెట్టేవాడు మిగలడు. డాక్టరు ఏమీ లేదు, ఇంటికి వెళ్ళు అన్నా ఫీజు ఇచ్చి దండం పెట్టి వస్తాం కదా. కాకపోతే నీ చేతిలో ఒకటుంది. మూత విప్పినప్పుడు ఆ ఇంటావిణ్ణో ఆయన్నో పక్కన నిలబెట్టుకో. తుడవకముందు మంట ఎన్ని సెకన్లుందో వాళ్ళనే లెక్కపెట్టమను, తుడిచాక మళ్ళీ లెక్కపెట్టమను. తలుపు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి మంట రంగు చూపించు. వాళ్ళ కళ్ళతో చూసినదానికి ఇస్తారు.

తమ్ముడు: కొందరిస్తారు. వేడి స్విచ్చు మాత్రం ఇక కలపను, ఆ ఆరు నిమిషాల లెక్క బాగా పట్టుకుంది. గోడకి కన్నం పెట్టనన్నవాళ్ళకి ఏం చెప్పమంటావు?

అక్క: బక్కెట్టు బయటే నింపుకుని, గీజరు కట్టేసి, అప్పుడు లోపలికెళ్ళి స్నానం చెయ్యమను. షవరు వద్దను.

తమ్ముడు: షవరు వద్దంటే ఆ కాలేజీ పిల్ల నన్ను కొడుతుంది. ఆ మాట నువ్వొచ్చి చెప్పు.